గోల్కొండ కూలినప్పుడు గుమాస్తా ఏమయ్యాడు?

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించో, ఆరోగ్య కార్డుల గురించో నాలుగు మాటలు చెబుతాననుకుని కూర్చున్నారని నాకు తెలుసు. ఆ విషయాలు మన కార్యదర్శిగారు నాకంటే బాగా చెబుతారు. నాకు అప్పగించిన అంశం "మధ్యయుగం చివరి రోజుల్లో సామాన్యుల బతుకు, అప్పటి కల్లోలం". నేను చరిత్ర పండితుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, ముప్ఫై అయిదేళ్లు కాగితాలతో కాపురం చేసి బయటపడినవాణ్ణి. కనుక రాజుల యుద్ధాలను కూడా గుమాస్తా కుర్చీలోంచే చూస్తాను. మన్నించాలి.

మధ్యయుగం చివర అంటే యూరపులో పద్నాలుగు, పదిహేను శతాబ్దాలను చెబుతారు. మన దక్కనులో ఆ కాలం ఇంకా ముందుకు సాగి 1687లో గోల్కొండ పతనంతో ముగిసిందని నా అభిప్రాయం. ఆ గోల్కొండ మనకు దూరమేమీ కాదు. హైటెక్ సిటీ నుంచి గచ్చిబౌలి మీదుగా షేక్‌పేట వైపు వస్తే కొద్ది కిలోమీటర్లలో కోట గోడ కనిపిస్తుంది. మన పిల్లలు, మనవలు రోజూ ఆఫీసు బస్సుల్లో తిరిగే నేల ఆనాడు కోట వాకిట్లో ఉన్న పొలం, గుట్ట, చెరువు.

ఊళ్ల పేర్లలో దాగిన చరిత్ర

కోటకు ఎనిమిది దర్వాజాలు. అందులో ఒకటి పటాన్‌చెరు దర్వాజా, మరొకటి బంజారా దర్వాజా. ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకొచ్చే బంజారాల పేరు ఒక దర్వాజాకు నిలిచింది. కోట నుంచి పటాన్‌చెరు వైపు పోయే దారి సుమారుగా నేటి ఐటీ కారిడారు మీదుగానే సాగేది. ఆ దారిన వచ్చే బాటసారులు, ఒంటెలు, గుర్రాలు ఆగడానికి కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన సరాయి నేటికీ షేక్‌పేటలో ఉంది. 2020లో తీగల వంతెన ప్రారంభించాక జనం ఫోటోలు దిగడానికి ఎగబడుతున్న దుర్గం చెరువు ఆనాడు కోటకు నీళ్లిచ్చిన చెరువని చెబుతారు.

నేను రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన రోజుల్లో ఈ ఊళ్ల పేర్లు రిజిస్టర్లలో రాసి రాసి చేతికి అలవాటయ్యాయి. మణికొండ ఖాల్సా, మణికొండ జాగీర్, రాయదుర్గం పాయగా, రాయదుర్గం పన్‌మక్తా. నేటి యువకులకు ఈ తోకలు ఎందుకో తెలియదు. ఖాల్సా అంటే శిస్తు నేరుగా సర్కారు ఖజానాకు చేరే భూమి. జాగీరు అంటే శిస్తు వసూలు చేసుకునే హక్కు ఒక ఉద్యోగికో ప్రభువుకో ఇచ్చిన భూమి. పన్‌మక్తా అంటే ఏటా మారని ఒక నిర్ణీత మొత్తం కట్టుకునేలా ఇచ్చిన భూమి. పాయగా అంటే తర్వాతి కాలంలో నిజాం ప్రభువుల దగ్గర సైన్యం పోషించే అమీరులకిచ్చింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీరుదార్లు పోయారు, వారి దేవిడీలు పోయాయి. అద్దాల మేడల చిరునామాలో మాత్రం ఆ మాట మిగిలింది. రాజ్యం పోయినా రిజిస్టరు పోదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పల్లెలో బతుకు

ఆనాటి పల్లెలో రెడ్డి, కరణం, తలారి, పురోహితుడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, చెరువు నీళ్లు విడిచే నీరుకట్టు వంటి ఆయగాండ్లు ఉండేవారు. వీరికి జీతం రొక్కంలో కాదు. కొంత మాన్యం భూమి, కళ్లంలో ప్రతి రైతు ఇచ్చే ధాన్యంలో వాటా, అంతే. పంట పండితే అందరికీ పండినట్టు, ఎండితే అందరికీ ఎండినట్టు. అట్టడుగున వెట్టి చేసేవారికి ఆ వాటాలోనూ చివరి గింజలే దక్కేవి. ఆ రోజులు బంగారు రోజులని నేను చెప్పను.

ఊరి లెక్క కరణం చేతిలో ఉండేది. "కాటికి పోయినా కరణాన్ని నమ్మరాదు" అన్న సామెత ఊరికే పుట్టలేదు. అయితే ఆ కరణం పైన మరొకడు కూర్చునేవాడు. కుతుబ్‌షాహీ రాజ్యంలో శిస్తు వసూలును వేలం వేసేవారు. 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్న విలియం మెథ్వోల్డ్ అనే ఇంగ్లీషు వర్తకుడు ఆ పద్ధతి రాసిపెట్టాడు. ఏటా జూలై నెలలో పాట. ఎక్కువ పాడినవాడికి ఆ యేటి పరగణా. పాడిన సొమ్ము కిస్తుల ప్రకారం కట్టాలి. కట్టలేకపోయిన ఒక మచిలీపట్నం అధికారిని వీపు మీద, అరికాళ్ల మీద, పొట్ట మీద బెత్తాలతో కొట్టి చంపారని ఆయన రాశాడు. జిల్లా అధికారి గతే అది అయితే, ఆ అధికారి చేతికింద రైతు గతి ఏమిటో వేరే చెప్పక్కరలేదు. ఒక్క ఏడాదికే పదవి అన్నప్పుడు చెరువు పూడిక తీయించాలని ఎవరికి ఉంటుంది? దొరికినంత పిండుకోవడమే. 1630 నుంచి 1632 దాకా దక్కనునంతా పట్టిన కరువులో నేతగాళ్ల ఊళ్లు ఖాళీ అయ్యాయంటే ఆశ్చర్యం లేదు.

వజ్రాల గనుల మాట కూడా చెప్పాలి. గోల్కొండ వజ్రం అని ప్రపంచమంతా పేరు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో అరవై వేల మంది పనిచేస్తున్నారని ఫ్రెంచి రత్నాల వ్యాపారి తవెర్నియే రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోస్తారు. తాను చూసిన మరో గనిలో పని బాగా తెలిసిన కూలీకి ఏడాదికి మూడు వరహాలే ముడుతున్నాయని ఆయనే రాశాడు. రాయి రాజుకు, పేరు గోల్కొండకు, మట్టి కూలీకి. కొల్లూరు నేల ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్లలో ఉంది.

పట్నంలో బతుకు

1591లో కట్టిన హైదరాబాదు నగరం తవెర్నియే నాటికి మంచి వైభవంలో ఉంది. కోటకు, పట్నానికి నడుమ కార్వాన్‌లో వర్తకుల బిడారులు దిగేవి. ఇరానీలు, అర్మేనియన్లు, గుజరాతీలు, డచ్చివారు, ఇంగ్లీషువారు అందరూ ఇక్కడ వ్యాపారం చేశారు. ఈనాడు మాదాపూరులో అన్ని రాష్ట్రాల భాషలూ వినపడుతున్నాయని మనం అబ్బురపడతాం గాని, ఈ నేలకు అది కొత్త కాదు. రోజూ పట్నానికి వందల గుర్రాల మీద కల్లు దిగేదని, దాని మీద పన్ను ఖజానాకు పెద్ద ఆదాయమని కూడా తవెర్నియే రాశాడు. ఆబ్కారీ ఆదాయం మీద ఆధారపడటంలో ఆ ప్రభుత్వానికీ తర్వాతి ప్రభుత్వాలకూ పెద్ద తేడా నాకు కనిపించదు.

భాష సంగతి మరీ ముఖ్యం. కుతుబ్‌షాహీ ఫర్మానాలు కొన్ని పారసీలోను, కిందనే తెలుగులోను రాసినవి దొరికాయి. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు "మల్కిభరాముడు" అని పిలుచుకున్నారు. పటాన్‌చెరులో ఉన్న అమీన్‌ఖాన్ అనే అధికారికి పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చ తెలుగు కావ్యం "యయాతి చరిత్ర" అంకితమిచ్చాడు.

దఫ్తరులో పక్కపక్కన కూర్చున్నాక మాటలు కూడా కలిసిపోతాయి. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, కిస్తు, అర్జీ, దరఖాస్తు, మంజూరు, నకలు, జాబితా, దాఖలా, హామీ, జప్తు, బందోబస్తు, ఫిర్యాదు. వీటిలో ఏ మాట లేకుండా మనలో ఎవరైనా ఒక్కరోజు సర్వీసు చేశామా? కాగితాల కట్టను మనం "బస్తా" అనడం కూడా అక్కడిదే. ఈ మాటలు తెలుగువాడి నాలుక మీదికి ఎక్కువగా కచేరీ అరుగు మీది నుంచే వచ్చాయి.

ఇద్దరు గుమాస్తాల కథ

ఇక మన వర్గం వారి కథ. హన్మకొండ వైపు నుంచి వచ్చిన ఒక బ్రాహ్మణ కుటుంబంలో అక్కన్న, మాదన్న అనే అన్నదమ్ములు. మాదన్న సయ్యద్ ముజఫర్ అనే అమీరు దగ్గర లెక్కలు రాసే ఉద్యోగిగా మొదలై, పైకి ఎదిగి, 1674 ప్రాంతంలో తన యజమానినే పక్కకు తప్పించి అబుల్‌హసన్ తానాషాకు ప్రధానమంత్రి అయ్యాడు. కింది మెట్టు నుంచి ఇంత ఎత్తు ఎక్కిన గుమాస్తా మన ప్రాంత చరిత్రలో మరొకడు లేడేమో. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు సంధి నడిపింది ఆయనే.

ఆయన మేనల్లుడని చెప్పే కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాలో తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి చెరసాల పాలైన రామదాసు కథ మీ అందరికీ తెలిసిందే. భక్తులు దాన్ని భక్తి కథగా వింటారు. మన ఆడిట్ మిత్రులు మాత్రం మంజూరు లేని ఖర్చు అంటారు. రెండూ నిజమే. మంత్రిగారి మేనల్లుడైనా లెక్క చెప్పక తప్పలేదన్నది ఆ కథలో మనలాంటివాళ్లు గమనించవలసిన సంగతి.

మాదన్న మంచివాడా, చెడ్డవాడా అని అడిగేవారున్నారు. ఆయన తన బంధువులకు పదవులిచ్చాడని డచ్చివారు ఆక్షేపించారు. ఢిల్లీ వైపు రచయితలు వేరే కారణాలతో ద్వేషించారు. మన పల్లెల్లో మంచి పేరుంది. ఒక్కటి మాత్రం స్పష్టం. ఆయన్ను మంత్రిని చేసింది ముస్లిం రాజు, ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన సేనానులలో ముస్లింలున్నారు. తర్వాత జరిగినదాన్ని కేవలం మతాల కొట్లాటగా చెప్పేవారు లెక్కలో సగం పద్దులు వదిలేసినట్టే.

మూడేళ్లలో మూడు దెబ్బలు

1636 నుంచే గోల్కొండ మొగలులకు ఏటా రెండు లక్షల హొన్నుల కప్పం కడుతోంది. 1656లో షాజహాను కొడుకుగా ఔరంగజేబు ఒకసారి కోటను ముట్టడించి వెళ్లాడు. ఆ అనుభవంతోనే కోటకు నయా ఖిల్లా చేర్చి కట్టారు. అసలు దెబ్బలు 1685, 86, 87లో వరుసగా పడ్డాయి.

మొదటి దెబ్బ 1685లో. గోల్కొండ సేనాని మొహమ్మద్ ఇబ్రహీం శత్రువుతో చేతులు కలిపాడు. మొగల్ యువరాజు షా ఆలం సైన్యం హైదరాబాదు మీదికి వస్తోందని తెలియగానే తానాషా రాత్రికి రాత్రి పట్నం వదిలి కోటలోకి వెళ్లిపోయాడు. పట్నంలో జనానికి ఎవరూ కబురు చెప్పలేదు. తెల్లారేసరికి రాజు లేడు. పల్లకీ దొరకక, బండి దొరకక, పెద్దింటి ఆడవాళ్లు సైతం పిల్లల చేతులు పట్టుకుని నడిచి పరుగెత్తారు. సైన్యం ప్రవేశించకముందే ఊళ్లోని దొంగలు దోపిడీ మొదలుపెట్టారు, తర్వాత సైనికులు అందుకున్నారు. మోయడానికి వీలుకాని పెద్ద పెద్ద తివాచీలను కత్తులతో, బాకులతో ముక్కలుగా కోసి పంచుకున్నారని ఖాఫీ ఖాన్ అనే మొగల్ చరిత్రకారుడే రాశాడు. ఎన్నో నెలలు కూర్చుని నేసిన పనివాడి శ్రమ ఒక్క గడియలో పీలికలైంది. ఆ రాజ్యానికి ఏం జరిగిందో తెలియడానికి ఈ ఒక్క సంగతి చాలు.

రెండో దెబ్బ 1686 మార్చిలో. సంధి షరతుల్లో భారీ సొమ్ముతో పాటు మాదన్న, అక్కన్నలను తొలగించాలన్నది ఒకటి. రాజు వాయిదా వేస్తూ వచ్చాడు. అంతఃపురంలోని వారు, కొందరు అమీరులు కుట్ర పన్ని, రాజు దగ్గర సెలవు తీసుకుని ఇంటికి వస్తున్న అన్నదమ్ములను గోల్కొండ వీధిలోనే నరికించారు. తలలు మొగలులకు పంపారు. పెద్దవాళ్లు చేసిన తప్పులకు దఫ్తరువాడి తల ఎగరడం చరిత్రలో అదే మొదలు కాదు, చివరా కాదు.

మూడో దెబ్బ 1687 ముట్టడి. ఏడాది ఆరంభంలో మొదలై సెప్టెంబరు దాకా, సుమారు ఎనిమిది నెలలు సాగింది. మొగలులు తవ్వి పేల్చిన మందుపాతరలు వెనక్కి తన్ని వారినే చంపాయి. ఒక రాత్రి సైనికులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కుతుంటే ఒక ఊరకుక్క మొరిగి కోటను మేల్కొలిపింది. ఆ కుక్కకు రాజు బంగారు గొలుసు వేయించాడని ఖాఫీ ఖాన్ చెప్పాడు. మొదటి నిజాం తాత అయిన ఖిలిచ్ ఖాన్ ఫిరంగి గుండు తగిలి ఈ ముట్టడిలోనే మరణించాడు. హిమాయత్‌సాగర్ దగ్గర కిస్మత్‌పూర్‌లో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది.

ఇవన్నీ యుద్ధం ముచ్చట్లు. కోట బయట రైతుకు జరిగింది వేరు. వానలు సరిగా లేక జొన్న, సజ్జ ఎండిపోయాయి. ఉన్న గింజలు, గడ్డి రెండు సైన్యాలూ ఊడ్చుకుపోయాయి. ధాన్యం తెచ్చే దారులు మూసుకుపోయాయి. హైదరాబాదులో, మూసీ ఒడ్డున, మైదానాల్లో ఆకలికి, రోగానికి పోయినవారి శవాలు పడి ఉన్నాయని ఆనాటి రాతలు చెబుతున్నాయి. "ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్లు విరిగినట్లు" అని మన పెద్దలన్నది ఇందుకే. కోట గోడలో ఎన్ని రాళ్లు ఊడాయో చెప్పే లెక్క దొరుకుతుంది గాని, ఈనాటి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ నేల మీద ఎన్ని గుడిసెల్లో పొయ్యి ఆరిపోయిందో చెప్పే లెక్క లేదు. ఆ లెక్క రాసేవాడు కూడా ఆకలితోనే ఉన్నాడు.

చివరకు కోటను ఫిరంగులు తీయలేదు, లంచం తీసింది. అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సేనాని రాత్రి పూట ఒక చిన్న దర్వాజా తెరిపించాడు. అబ్దుర్ రజాక్ లారీ ఒక్కడు ఒంటినిండా గాయాలయ్యేదాకా పోరాడాడు. ఔరంగజేబే అతని విశ్వాసానికి మెచ్చి, ఒక హిందూ వైద్యుణ్ణి, ఒక యూరపు వైద్యుణ్ణి పంపి బతికించాడు. తానాషా మాత్రం పట్టుకోవడానికి వచ్చినవారిని కూర్చోమని, నింపాదిగా భోజనం ముగించి వెంట నడిచాడు. మిగిలిన జీవితం దౌలతాబాదు కోటలో ఖైదీగా గడిపాడు. ఆయన పేరు మీద "తానాషాహీ" అంటే నియంతృత్వం అన్న అర్థం హిందీలో ఎలా స్థిరపడిందో గాని, కథల్లో కనిపించే మనిషికి ఆ మాట అతకదు.

ఆ తర్వాత గుమాస్తా

ఇప్పుడు నా అసలు ప్రశ్న. రాజు ఖైదయ్యాడు, మంత్రి హతమయ్యాడు. లెక్కలు రాసే గుమాస్తా ఏమయ్యాడు?

చాలామంది మళ్లీ కచేరీకి వెళ్లారు. కొత్త ప్రభువులకు పారసీ వచ్చు గాని, ఏ చెరువు కింద ఎంత పారకమో, ఏ ఊరి శిస్తు ఎంతో తెలియదు. అది తెలిసినవాడు పాత గుమాస్తా, పాత కరణం. పెద్ద పదవులు ఢిల్లీ మనుషులకు వెళ్లాయి, పాత ముస్లిం అమీరుల్లో చాలామందికి మొగల్ మన్సబులు దక్కాయి, కింది దఫ్తరు మాత్రం పాతవారితోనే నడిచింది. ఏటా వేలం పద్ధతి ఆగిపోయింది గాని, శిస్తు మొత్తం మొదట్లో పాత గోల్కొండ లెక్కల మీదనే నిలిపారు. జిజియా అనే కొత్త పన్ను వచ్చింది. సగం ఊళ్లు పాడుపడిన నేల మీద పాత శిస్తు అంటే ఎంత భారమో రెవెన్యూలో పనిచేసినవారికి విప్పి చెప్పనక్కరలేదు.

ఆ భారం పగిలిన చోట సర్వాయి పాపన్న లేచాడు. కల్లుగీత కుటుంబంలో పుట్టి, షాపురంలో కోట కట్టి, 1708 ఏప్రిల్‌లో మొహర్రం రోజుల్లో ఓరుగల్లు మీద పడి దోచాడు. ఖాఫీ ఖాన్ దృష్టిలో ఆయన తన విధవ అక్క సొమ్మే దోచిన దొంగ. మన పల్లె పాటల్లో ఆయన దొరలను ఎదిరించిన వీరుడు. ఆయన వెంట నడిచినవారిలో అన్ని కులాలవారూ, ముస్లింలూ ఉన్నారు. బంజారాల దగ్గర దోచిన వేల ఎద్దులను ఆయన దున్నడానికి పెట్టాడన్న సంగతి మాత్రం శత్రువే రాశాడు. పాడుపడిన భూమిని సాగులోకి తేవడం దొంగ చేసే పనేనా అని ఆలోచించాలి. 1709లో ఆయన చక్రవర్తి బహదూర్ షాకు నజరానాలిచ్చి ఖిల్లత్తు కూడా అందుకున్నాడు. మరుసటి ఏడు పట్టుబడి చంపబడ్డాడు.

కాగితం ఎవరిది?

ఇంగ్లాండులో 1381లో రైతులు తిరగబడ్డప్పుడు వారు వెతికి వెతికి తగలబెట్టినవి భూస్వాముల రికార్డులు. మన తెలంగాణ సాయుధ పోరాటంలో కూడా అప్పు పత్రాలు, దొరల దస్తావేజులు మంటల్లో వేశారు. కడుపు మండినవాడికి కాగితమే శత్రువు. ఎందుకంటే ఆ కాగితంలో తన పేరు బాకీ పక్కన ఉంది గాని, హక్కు పక్కన లేదు.

అదే కాగితం మరోసారి దిక్కు కూడా అవుతుంది. 1990లలో నేను పనిచేసిన ఒక కచేరీకి ఒక ముసలమ్మ వచ్చింది. ఊరు ఈ కారిడారులోనిదే, పేరు చెప్పను. "నాయినా, మీ కాయితంల నా పేరు లేదంట. గట్లయితే నేను లేనట్టేనా?" అని అడిగింది. పెనిమిటి చనిపోయాడు, పహాణీలో ఎవరి పేరో చేరింది. మా అటెండరు, నేను రెండు రోజులు రికార్డు గదిలో దుమ్ము తిని, 1954-55 నాటి ఖాస్రా పహాణీ బస్తా పట్టుకున్నాం. అందులో ఆమె మామగారి పేరు, సర్వే నంబరు, పంట, అన్నీ ఉన్నాయి. విచారణ నడిచింది, కొన్ని నెలలు పట్టింది, ఆమె పేరు ఎక్కింది. ఈనాడు అక్కడ పెద్ద భవనం ఉంది. ఆ కుటుంబం భూమి అమ్ముకుంది. అయితే అమ్మినప్పుడు ఆ ముసలమ్మ వేలిముద్ర వేసి, ధర చెప్పి అమ్మింది. ఆ పాత బస్తా దొరకకపోతే ఆమెను అడిగేవారే ఉండరు.

కల్లోలం అంటే ఫిరంగులు మోగడమే కాదు. మన జీవితకాలంలోనే ఎన్ని చూశాం! 1984లో పటేల్, పట్వారీ, కరణం, మునసబు వ్యవస్థ ఒక్క ఆర్డినెన్సుతో పోయింది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక గుట్టలు కరిగిపోయాయి. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు ఉద్యోగులను, ఫైళ్లను పంచారు, పింఛను భారం ఎవరెంత భరించాలో చట్టంలోనే రాయవలసి వచ్చింది. 2020లో తెలంగాణలో వీఆర్వోలు పోయి ధరణి వచ్చింది, 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. ప్రతి మార్పులోనూ గట్టిగా ఉన్నవాడికి ఇబ్బంది లేదు. పేరు తప్పు పడ్డవాడు, చదువు రానివాడు, ఒంటరి ఆడది, వీళ్లే తిరుగుతారు. గోల్కొండ నుంచి నేటి దాకా ఈ సూత్రం మారలేదు.

నా మనవి

అందువల్ల మూడు మనవులు చేసి కూర్చుంటాను.

మొదటిది. మీ ఇళ్లలో పాత పట్టాలు, శిస్తు రసీదులు, ఉర్దూలో రాసిన కాగితాలు ఉంటే చిత్తుకాగితాలవాడికి వేయకండి. అర్థం కాకపోతే చదివి చెప్పగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు.

రెండవది. మీరు పనిచేసిన ఊళ్ల గురించి రెండేసి పేజీలు రాయండి. ఏ చెరువు ఎక్కడ ఉండేది, ఏ బావి పేరు ఏమిటి, ఏ గుట్ట మీద ఏ జాతర జరిగేది. మన మనవలకు ఆ చోటు "ఫేజ్ టూ", "గేట్ త్రీ" అనే తెలుసు. వీలైతే ఒక ఆదివారం వారిని షేక్‌పేట సరాయికి తీసుకువెళ్లి చూపించండి.

మూడవది అన్నింటికంటే ముఖ్యం. ఇంటికి వెళ్లగానే మీ పెన్షన్ పేమెంట్ ఆర్డరు, బ్యాంకు పుస్తకం, ఆధార్ పక్కపక్కన పెట్టి చూడండి. మీ శ్రీమతి పేరు మూడింటిలో ఒకే విధంగా ఉందా? అక్షరం తేడా ఉంటే మనం బతికి ఉండగానే దిద్దించుకోవాలి. కాగితాలు ఎక్కడున్నాయో ఆమెకు చూపించాలి. ముప్ఫై, నలభై ఏళ్లు ఊరందరి పేర్లూ రాసినవాళ్లం. మనింటి ఇల్లాలు రేపు ఏ కిటికీ ముందో నిలబడి, "మీ కాయితంలో నా పేరు లేదా నాయనా" అని అడిగే పరిస్థితి మాత్రం రానివ్వకూడదు.